కారు ఇంజిన్‌ని ఇంట్లోనే శుభ్రం చేసుకోవచ్చా?

ప్రశ్న: మాది నరసరావుపేట. 2017 మోడల్ పెట్రోల్ వ్యాగన్ఆర్ ఉంది. రోజూ పక్క మండలంలోని బడికి దాంట్లోనే వెళ్ళొస్తాను. సగం దారి మట్టిరోడ్డు. మొన్న బానెట్ ఎత్తి చూస్తే దుమ్మూ నూనే కలిసి నల్లగా అట్ట కట్టేసి ఉంది. ఒక మూల గుడ్డపీలికలు, వేరుశనగ తొక్కలు కనిపించాయి. ఎలుక చేరినట్టుంది. దసరాకి బండికి పూజ చేస్తాం కాబట్టి ఈలోగా లోపల కూడా శుభ్రం చేయాలనుకుంటున్నాను. మా తమ్ముడు కొత్తగా ప్రెషర్ వాషర్ కొన్నాడు, దాంతో కొడితే పది నిమిషాల పని అంటున్నాడు. వీధి చివర మెకానిక్ డీజిల్ కొట్టి కడుగుతానన్నాడు. సర్వీస్ సెంటర్‌లో అడిగితే ఇంజిన్‌కి నీళ్ళు తగలనివ్వొద్దన్నారు. ఎవరి మాట వినాలి? నేనే ఇంట్లో చేసుకోవచ్చా?
– ఒక ఉపాధ్యాయురాలు

సమాధానం: మీరే, ఇంట్లోనే చేసుకోవచ్చు. ఒక ఆదివారం ఉదయం కేటాయిస్తే చాలు. ప్రెషర్ వాషర్ మాత్రం వద్దు. డీజిల్ అసలే వద్దు. సర్వీస్ సెంటర్ వాళ్ళు జాగ్రత్త చెప్పారు గానీ కారణం చెప్పలేదు. ఆ కారణం తెలిస్తే ఎక్కడ తడి తగిలినా ఫరవాలేదో, ఎక్కడ చుక్క కూడా పడకూడదో మీకే అర్థమైపోతుంది.

వానలో వెళ్తున్నప్పుడు గుంటల్లో నీళ్ళు కింది నుంచి ఇంజిన్ మీదికి చిమ్ముతూనే ఉంటాయి. గ్రిల్‌లోంచి జల్లు లోపలికి కొడుతూనే ఉంటుంది. అది తట్టుకోవాలనే ప్రతి సెన్సర్ ప్లగ్గుకీ, ప్రతి వైరు జాయింటుకీ సన్నటి రబ్బరు సీలు పెడతారు. కాబట్టి నీళ్ళు తగలగానే ఇంజిన్ చెడిపోదు. చేటంతా నీళ్ళు ఎంత వేగంతో, ఎంత దగ్గర నుంచి, ఏ వైపు నుంచి కొడుతున్నాయన్న దాంట్లో ఉంది. రెండంతస్తుల ఇంటి మీది ట్యాంకు నుంచి కింది కుళాయికి వచ్చే ఒత్తిడి ఒక బార్ కూడా ఉండదు. ఇళ్ళకి అమ్మే ప్రెషర్ వాషర్లు 100 బార్లు, ఆ పైనే కొడతాయి. జానెడు దూరం నుంచి ఆ ధార తగిలితే, తొమ్మిదేళ్ళుగా ఇంజిన్ వేడికి ఎండి గట్టిపడిన రబ్బరు సీలు దాన్ని ఆపలేదు.

సీలు దాటి లోపలికి పోయిన నీళ్ళు బయటికి రావు. అసలు ఇబ్బంది అక్కడే. ఆ రోజు బండి బాగానే స్టార్ట్ అవుతుంది, ఇంజిన్ తళతళలాడుతుంది, అందరూ సంతోషిస్తారు. ప్లగ్గు లోపల రాగి పిన్నుల మీద ఆకుపచ్చటి చిలుము మెల్లగా పట్టి, ఎప్పటికో చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. అప్పటికి కడిగిన సంగతి ఎవరికీ గుర్తుండదు. సెన్సర్ పోయిందని కొత్తది వేస్తారు, చెడింది దాని ప్లగ్గు కాబట్టి లైటు మళ్ళీ వస్తుంది. ప్రెషర్ వాషర్‌ని చక్రాలకి, మడ్‌గార్డుల లోపలి మట్టికి వాడుకోమనండి మీ తమ్ముణ్ణి. అక్కడ దానికి సాటి లేదు.

ఇక డీజిల్ వాష్. మన దగ్గర లారీలకి, ట్రాక్టర్లకి ఏళ్ళ తరబడి చేస్తున్న పనే, నూనె జిడ్డు నిజంగానే కరుగుతుంది. కానీ కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, పారే రబ్బరు హోస్‌లు సాధారణంగా ఈపీడీఎం అనే రబ్బరుతో చేస్తారు. వేడికీ, కూలెంట్‌కీ అది బాగా నిలబడుతుంది, పెట్రోలియం నూనెలు తగిలితే మాత్రం ఉబ్బి మెత్తబడుతుంది. డీజిల్ ఎంత కడిగినా ఇంజిన్ మీద సన్నటి పొర మిగిలిపోతుంది. మీది మట్టిరోడ్డు కాబట్టి వారం తిరిగేసరికి ఆ పొర మీద ఇంకా ఎక్కువ దుమ్ము అంటుకుంటుంది. వీటన్నిటికంటే పెద్ద భయం నిప్పు. బండి నడిచాక ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, అంటే ఇంజిన్ పొగని బయటికి పంపే గొట్టాల భాగం, వందల డిగ్రీలకి వెళ్తుంది. దాని పక్కన డీజిల్‌తోనో కిరోసిన్‌తోనో తడిసిన దుమ్ము, గుడ్డపీలికలు ఉండటం ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. పెట్రోల్‌తో తుడవమని ఎవరైనా చెబితే ఆ మాట అక్కడే వదిలేయండి. మన ఎండల్లో దాని ఆవిరి అంటుకోవడానికి బ్యాటరీ దగ్గర ఒక్క చిన్న స్పార్క్ చాలు.

మీరు గుడ్డ చేతపట్టే ముందు ఒక పని చేయాలి. ఈ ఉత్తరంలో మీకు నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. ఆ మురికిని ముందు చదవండి. దుమ్మూ నూనే కలిసి అట్ట కట్టిందని రాశారు. దుమ్ము రోడ్డు నుంచి వచ్చింది, మరి నూనె ఎక్కడి నుంచి వచ్చింది? ఇంజిన్ బాగుంటే బయట నూనె ఉండకూడదు. చాలావరకు ఎక్కడో కారుతూ ఉండాలి, ఎక్కడ కారుతోందో చూపించే ఆధారం ఆ మురికే. కడిగేస్తే ఆధారం పోతుంది. బండిని అమ్మేముందు కొందరు ఇంజిన్‌ని నిగనిగలాడేలా కడిగించేది కూడా ఇందుకే.

మంచి వెలుతురులో, ఫోన్ టార్చి కూడా వేసుకుని, నాలుగు వైపుల నుంచీ దగ్గరగా ఫొటోలు తీసుకోండి. పొడి దుమ్ము బూడిద రంగులో ఉంటుంది, వేలితో రాస్తే రాలిపోతుంది. నూనె తాగిన దుమ్ము నల్లగా, మెత్తగా వేలికి అంటుకుంటుంది. నల్లమరక పై అంచు ఎక్కడ మొదలైందో చూడండి. నూనె కిందికి కారుతుంది, గాలికి కాస్త వెనక్కి కొట్టుకుపోతుంది. కాబట్టి లీకు ఎప్పుడూ మరక పైభాగంలోనే ఉంటుంది. ఇంజిన్ నెత్తి మీద మూత ఉంటుంది, మెకానిక్కులు ట్యాపెట్ కవర్ అంటారు. దాని అంచు వెంబడి మరక మొదలైతే లోపలి ప్యాకింగ్ ఎండిపోయిందని అర్థం. ఈ వయసు బండ్లలో ఇది మామూలే, పెద్ద ఖర్చు కూడా కాదు. ఆయిల్ పోసే మూత చుట్టూ మాత్రమే ఉంటే పోసినప్పుడు ఒలికి ఉండొచ్చు. ఆయిల్ ఫిల్టర్ చుట్టూ తడిగా మెరుస్తూ ఉంటే సర్వీసులో ఫిల్టర్ సరిగా బిగించలేదేమో చూపించుకోవాలి.

రేడియేటర్ హోస్‌ల క్లిప్పుల దగ్గర ఎండిపోయిన పొలుసు కనిపిస్తే అది కూలెంట్. బండిని బట్టి ఆకుపచ్చగానో, నీలంగానో, గులాబీగానో ఉంటుంది, ఎండితే అంచులు తెల్లబడతాయి. కింద నేల మీద మడుగు కట్టి ఉంటే వెంటనే నీళ్ళు పోసి కడిగేయండి. దాని తియ్యటి రుచికి వీధికుక్కలు నాకుతాయి, పిల్లులు కూడా నాకే వీలుంది. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ అనే రసాయనం వాటి ప్రాణం తీస్తుంది. బ్రేక్ ఆయిల్ డబ్బా కింద పెయింటు పొక్కి లేచి ఉంటే బ్రేక్ ఆయిల్ కారుతోందని గుర్తు, అది శుభ్రంతో తీరే సంగతి కాదు, బండిని ముందు మెకానిక్‌కి చూపించాలి. బానెట్ ఎత్తగానే పెట్రోల్ వాసన కొడితే ఆ రోజు శుభ్రం మాటే వద్దు. స్టార్ట్ చేయకుండా మెకానిక్‌ని ఇంటికే పిలవండి. సీఎన్‌జీ కిట్టు ఉన్న బండ్లలో గ్యాస్ వాసన వచ్చినా ఇంతే.

తర్వాత ఎలుక. పీలికల్ని చేత్తో లాగేయకండి, పొడి చీపురుతో ఊడ్వకండి, ఎయిర్ కొట్టించకండి. ఎలుక మూత్రంతో లెప్టోస్పైరోసిస్, అదే మనం ఎలుక జ్వరం అనేది, అంటుకునే వీలుంది. చేతి మీద చిన్న గీత ఉన్నా చాలు. రబ్బరు తొడుగులు వేసుకుని, మాస్కు పెట్టుకుని, ఆ గూటి మీద ఇంట్లో నేల తుడిచే క్రిమిసంహారకాన్ని సీసా మీద రాసినట్టు నీళ్ళలో కలిపి స్ప్రే చేయండి. కాసేపు నాననిచ్చి, తడిగా ఉండగానే కాగితంతో పట్టి తీసి, కవర్లో మూటగట్టి పారేయండి. ఎలుక ఉన్నచోటికి పాము రావడం మన ఊళ్ళలో కొత్త కాదు. బానెట్ ఎత్తే ముందు దాని మీద రెండుసార్లు గట్టిగా చరిచి, ఎత్తాక మూలమూలా వెలుతురు వేసి చూశాకే చెయ్యి పెట్టండి.

గూడు తీసేశాక ఆ చుట్టుపక్కల వైర్లన్నీ వేలితో తడుముతూ చూడండి. ఎలుక కొరికిన వైరు మీద జంట గాట్లు ఉంటాయి, పై తొడుగు లేచి లోపలి రాగి మెరుస్తుంటుంది. రాగి కనిపించిన వైరు ఒక్కటున్నా తడి పని ఆపేసి, ముందు దాన్ని సరిచేయించాలి. ఎలుకలు రాకుండా బానెట్ కింద పచ్చి పొగాకు కాడలు కట్టడం మీ వైపు చాలామంది చేస్తారు, మీకూ ఎవరో చెప్పే ఉంటారు. ఎండిన పొగాకు పొడిపొడిగా రాలి మానిఫోల్డ్ మీద పడితే కాలుతుంది, గాలి లాగే గొట్టం దగ్గర ఉంటే ఫిల్టర్‌లోకి పోతుంది. దానికంటే బండి నిలిపే చోట తౌడు, గింజలు, చెత్తబుట్ట లేకుండా చూసుకోవడం, రెండు మూడు రోజులకోసారి బానెట్ ఎత్తి చూడటం ఎక్కువ పనిచేస్తాయి. గూడు కట్టడానికి ఎలుకకి ప్రశాంతత కావాలి, తరచూ వెలుతురు పడే చోట అది సాధారణంగా ఉండదు.

ఇప్పుడు అసలు పని. బండి రాత్రంతా నిలిచి ఉండాలి, అంటే ఉదయం ఏడు గంటలకి మొదలుపెట్టండి. ఇంజిన్ వేడిగా ఉంటే చేతులు కాలడం ఒక్కటే కాదు, కాలిన ఇనుము మీద చన్నీళ్ళు పడి మానిఫోల్డ్ పగలొచ్చు. దాని మీద బిగించి ఉండే ఆక్సిజన్ సెన్సర్ లోపల పింగాణీ లాంటి ముక్క ఉంటుంది, అది పగిలితే సెన్సర్ మార్చాల్సిందే. సబ్బు కూడా వేడి మీద క్షణాల్లో ఎండి తెల్లమరకలు వదులుతుంది. ఇంకో మాట, వేడి మీద రేడియేటర్ మూత ఎప్పుడూ తిప్పకండి. లోపలి కూలెంట్ నీటి మరుగు దాటి కూడా వేడెక్కి ఉండొచ్చు, పైగా ఒత్తిడిలో ఉంటుంది, తెరవగానే ముఖం మీదికి ఎగజిమ్ముతుంది.

చేతి గాజులు, ఉంగరాలు, వాచీ తీసి పక్కన పెట్టండి. మెడలో గొలుసు తీయడం మీకిష్టం లేకపోతే బట్టల లోపలికి దోపుకోండి, చున్నీ, కొంగు లాంటివి వేలాడకూడదు. ఇది అందం కోసం చెబుతున్నది కాదు. 12 వోల్టుల బ్యాటరీ షాకు కొట్టకపోయినా, దాని ప్లస్‌కీ బాడీకీ మధ్య ఉంగరమో గాజో తగిలితే ఆ లోహం సెకన్లలో ఎర్రగా కాలి చర్మానికి అతుక్కుంటుంది.

డ్రైవర్ వైపు అద్దం దించి, తాళం జేబులో వేసుకుని, అప్పుడు బ్యాటరీ తీయండి. ముందు తీసేది మైనస్, అంటే నల్ల వైరు. సాధారణంగా పది నంబరు స్పానర్ సరిపోతుంది. వదులు చేసి, టెర్మినల్ నుంచి లేపి, మళ్ళీ తగలకుండా గుడ్డ చుట్టి పక్కకి వంచండి. ప్లస్‌ని కదపక్కర్లేదు, దాని మీద ఎర్ర మూత ఉందో లేదో చూస్తే చాలు. దీనివల్ల స్టీరియోలో టైము, స్టేషన్లు పోతాయి. రేడియేటర్ ఫ్యాన్ తనంతట తాను తిరిగి వేళ్ళు కోసే ప్రమాదం కూడా దీంతో పోతుంది.

తడి తగలకూడని చోట్లు ఇవి: బ్యాటరీ, దాని చుట్టుపక్కల ఉండే ఫ్యూజ్ బాక్స్, ఇంజిన్ కంప్యూటర్ డబ్బా, బెల్టు పట్టుకుని వెతికితే దొరికే ఆల్టర్నేటర్ (బ్యాటరీని ఛార్జ్ చేసేది), గాలి లాగే గొట్టం మూతి, ఇంజిన్ నెత్తిన సిలిండర్‌కి ఒకటి చొప్పున ఉండి స్పార్క్ ప్లగ్గుకి కరెంటు ఇచ్చే మూడు ఇగ్నిషన్ కాయిల్స్. ఈ చివరివాటి గురించి ఇంకొంచెం చెబుతాను, ఎందుకంటే ఇంట్లో కడిగి తెచ్చుకునే ఇబ్బందుల్లో మొదటిది ఇదే. ఒక్కో కాయిల్ కింద స్పార్క్ ప్లగ్ లోతైన గుంటలో కూర్చుని ఉంటుంది. కాయిల్ అంచు నుంచి నీళ్ళు జారితే ఆ గుంటలో నిలిచిపోతాయి, ఆరవు. స్టార్ట్ చేయగానే కరెంటు ప్లగ్గు మొనకి పోకుండా నీళ్ళలోంచి పక్కకి దూకుతుంది, ఆ సిలిండర్ మండదు, బండి వణుకుతుంది. అందుకే వీటన్నిటి మీదా పాలిథిన్ కవర్లు చుట్టి రబ్బరు బ్యాండ్లు వేయండి. ఎన్ని చుట్టారో ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి, తీసేటప్పుడు లెక్క సరిపోవాలి. మరిచిపోయిన కవరు ఇంజిన్ వేడికి కరిగి అతుక్కుపోతుంది. ఆయిల్ మూత, డిప్‌స్టిక్ (ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల), కూలెంట్ డబ్బా మూత, బ్రేక్ ఆయిల్ మూత గట్టిగా ఉన్నాయో లేదో ఒకసారి నొక్కి చూడండి. బ్రేక్ ఆయిల్ తేమని తాగేసే గుణం ఉన్నది, దాంట్లోకి చుక్క నీళ్ళు పోకూడదు.

మొదట అంతా పొడిపని. పెయింటు బ్రష్షుతో దుమ్ము కదుపుతూ, రెండో చేత్తో వ్యాక్యూమ్ క్లీనర్ గొట్టం పట్టుకుని లాగేయండి. వైపర్ల కింద జాలీలో వేపాకు, మట్టి చేరి ఉంటాయి. అక్కడి నీటిదారి మూసుకుపోతే వానాకాలంలో కారు లోపల కాళ్ళ దగ్గర తడి చేరుతుంది. చాలామంది ఆ తడికి ఏసీ లీకు అనుకుని తిరుగుతుంటారు. ఈ పొడిపని ఓపిగ్గా చేస్తే మిగిలేది నూనె అంటిన చోట్లే, వాటికే తడి కావాలి.

నీళ్ళతో కలిపి వాడే డీగ్రీజర్, అంటే జిడ్డు వదిలించే ద్రవం, కార్ల సామాను కొట్లో దొరుకుతుంది. లేదంటే కార్ షాంపూ గోరువెచ్చటి నీళ్ళలో కలుపుకున్నా మీ బండికి సరిపోతుంది. కాస్టిక్ సోడా ఉన్న పౌడర్లు, బాత్రూమ్ కడిగే యాసిడ్ వద్దు. మీ ఇంజిన్‌లో ఎక్కువ భాగం అల్యూమినియం, ఆ రెండూ దాన్ని తింటాయి. ద్రావణాన్ని ఇంజిన్ మీద కొట్టకండి, బ్రష్షు మీదో గుడ్డ మీదో కొట్టి, దాంతో రుద్దండి. ఈ చిన్న తేడాతో సగం ప్రమాదం తగ్గిపోతుంది. పై నుంచి కిందికి, ఒకసారికి అరచేతి వెడల్పు చోటు తీసుకుని రుద్దండి, రెండు నిమిషాలు నాననివ్వండి, తడిపి పిండిన గుడ్డతో తుడవండి, ఇంకో శుభ్రమైన గుడ్డతో మళ్ళీ తుడవండి. ట్యాపెట్ కవర్ అంచుల్లో, బోల్టుల చుట్టూ పాత టూత్ బ్రష్ బాగా పనిచేస్తుంది. ఇక్కడ మీకు బకెట్ నీళ్ళు, నాలుగైదు పాత బనియన్ గుడ్డలు సరిపోతాయి, పైపు అవసరం రాదు. అడుగున ఇనుప భాగాల మీద జిడ్డు మరీ ఎక్కువగా ఉంటే మొక్కలకి కొట్టే చేతి స్ప్రేయర్‌తో సన్నటి తుంపరగా కొట్టొచ్చు, నేలవైపే కొట్టాలి, పైకి కాదు.

బెల్టుకి సబ్బు, నూనె, మెరుపునిచ్చే స్ప్రే ఏదీ తగలనివ్వకండి, జారి కీచుమంటుంది. బానెట్ లోపలి వైపు నల్లటి దుప్పటి లాంటిది ఉంటే దాన్ని తడపకండి, ఒకసారి నీళ్ళు తాగితే ఆరడానికి రోజులు పడుతుంది. పొడి బ్రష్షుతో సరి. రేడియేటర్ రెక్కలు గోరు తగిలినా వంగుతాయి, వాటి మీద మెత్తటి బ్రష్షు రెక్కల వెంబడే నడపండి, అడ్డంగా కాదు. వైర్ల ప్లగ్గులు ఊడదీసి తుడవాలని అనిపిస్తే ఆగండి, తొమ్మిదేళ్ళ ప్లాస్టిక్ క్లిప్పు విరిగితే ఆ ప్లగ్గు మళ్ళీ బిగుతుగా కూర్చోదు.

బ్యాటరీ టెర్మినల్ మీద తెల్లగానో, ఆకుపచ్చగానో పొడి పేరుకుని ఉంటే దాని మూతలన్నీ బిగుతుగా ఉన్నాయని చూసుకుని, తినే సోడా వేడినీళ్ళలో కలిపి టూత్ బ్రష్షుతో రుద్దండి. పొంగుతుంది, భయం లేదు, ఆమ్లం విరుగుతోందన్న మాట. తడిగుడ్డతో తుడిచి, ఆరాక సన్నగా పెట్రోలియం జెల్లీ రాయండి. సోడా నీళ్ళు బ్యాటరీ లోపలికి మాత్రం పోకూడదు.

నీళ్ళ విషయం ఒకటుంది. పల్నాటి బోరునీళ్ళలో ఉప్పు ఎక్కువ, ఆరితే తెల్ల చారలు మిగులుతాయి. చివరిసారి తుడవడానికి తాగేనీళ్ళు ఒక చెంబు వాడుకోండి. ఇంట్లో తాగేనీళ్ళ ఆర్‌ఓ ఫిల్టర్ నుంచి వృథాగా వచ్చే నీళ్ళలో ఉప్పు ఇంకా ఎక్కువ ఉంటుంది, అవి వద్దు. బండి కింద పాత గోనెపట్టా పరిచి రంపపు పొట్టు చల్లితే నూనె కలిసిన చుక్కలు దాంట్లోకి ఇంకుతాయి. ఆ నీళ్ళు బోరు దగ్గరకో, మొక్కల్లోకో పోనివ్వకండి.

అయ్యాక కవర్లు లెక్కపెట్టి తీసేసి, బానెట్ ఎత్తే ఉంచి కనీసం రెండు గంటలు ఎండలో వదిలేయండి. ఈలోగా ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పి చూసుకోవచ్చు. మీ మట్టిరోడ్డుకి ఫిల్టర్ బుక్‌లెట్‌లో రాసినదానికంటే ముందే నిండిపోతుంది. తడిసిన కాగితపు ఫిల్టర్‌తో బండి నడపకూడదు. డబ్బా లోపలికి గుడ్డపోగు కూడా పోకుండా మూసేయండి.

మైనస్ వైరు బిగించి, లోపల గుడ్డలు, బ్రష్షు, స్పానర్ ఏవీ మిగల్లేదని చూసుకుని, షట్టర్ వేసిన గదిలో కాకుండా బయట ఆరుబయట స్టార్ట్ చేయండి. మొదటి కొన్ని నిమిషాలు మానిఫోల్డ్ దగ్గర కాస్త ఆవిరి లేస్తే కంగారు పడొద్దు. బ్యాటరీ తీసి పెట్టినందువల్ల ఐడిలింగ్, అంటే బండి నిలిచి ఉండగా ఇంజిన్ తిరిగే వేగం, కాసేపు ఎక్కువతక్కువగా ఉండొచ్చు, కొంత దూరం నడిపాక సర్దుకుంటుంది. కానీ బండి వణుకుతూ చెక్ ఇంజిన్ లైటు మిణుకుమిణుకుమంటుంటే వెంటనే ఆపేయండి. ఏదో సిలిండర్ మండట్లేదు, మండని పెట్రోల్ సైలెన్సర్ లైనులో పొగని శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ కాలుతుంది. దాని ఖరీదు చాలా ఎక్కువ. మళ్ళీమళ్ళీ స్టార్ట్ చేసి చూడకుండా మెకానిక్‌ని పిలిచి కాయిల్స్ తీయించి, గుంటలు ఆరబెట్టించండి. అరగంట పని.

ఇదే ప్రశ్న ఎలక్ట్రిక్, హైబ్రిడ్ బండ్లున్నవాళ్ళ నుంచి కూడా వస్తుంటుంది కాబట్టి ఒక్కమాట. బానెట్ కింద నారింజ రంగు తొడుగున్న కేబుళ్ళు కనిపిస్తే అవి ప్రాణం తీసేంత వోల్టేజీవి. అక్కడ పొడిగుడ్డతో మూతలు, అంచులు తుడవడం వరకే మీ పని. తక్కినది సర్వీస్ సెంటర్‌దే. మీ వ్యాగన్ఆర్‌లో అలాంటివేమీ లేవు.

షైనింగ్ కోసం కొట్టే డ్రెస్సింగ్ స్ప్రే సర్వీసు బిల్లులో చూసే ఉంటారు. మీ బండికి అక్కర్లేదు. జిడ్డుగా ఉండే రకమైతే దుమ్ముని పిలిచి కూర్చోబెడుతుంది, కొత్త లీకు వస్తే దాని తడీ దీని తడీ కలిసి తేడా తెలియదు.

దసరా రోజు పసుపు, కుంకుమ బానెట్ పైన, స్టీరింగ్ మీద పెట్టుకోండి. లోపల ఫ్యూజ్ బాక్స్ మీద, బ్యాటరీ మీద పెట్టకండి. బానెట్ ఎత్తి ఉంచి హారతి, అగరుబత్తి లోపలికి చూపించడం కూడా వద్దు. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు కొద్దికొద్దిగా వస్తూ ఉంటుంది. కొబ్బరికాయ చక్రం ముందు నేల మీద కొట్టండి, ఆ నీళ్ళు ఇంజిన్ మీదికి పోయకండి.

శుభ్రం చేశాక వారం రోజులు మామూలుగా బడికి వెళ్ళిరండి. వచ్చే ఆదివారం ఉదయం బానెట్ ఎత్తి, ట్యాపెట్ కవర్ అంచు చుట్టూ, ఆయిల్ ఫిల్టర్ కింద తెల్లటి కాగితం రుమాలుతో ఒత్తి చూడండి. రుమాలు పొడిగా ఉంటే పాత ఒలుకుడే, ఇంకో ఏడాది వరకు తడిపని అవసరం రాదు. నూనె మరక పడితే ఆ రుమాలు అంటుకున్న చోటుని ఫొటో తీసి, మొదట తీసిన ఫొటోలతో కలిపి మెకానిక్‌కి చూపించండి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ గుర్తుకి ఎక్కడుందో కూడా ఆ రోజే చూసి రాసుకోండి, ప్యాకింగ్ మార్పించేదాకా ప్రతి ఆదివారం చూస్తూ ఉండండి.